బిగించిన చేత్తోనే బొట్టు

"వెనక చక్రం ఊడొస్తే?"

"ఊడదండీ."

"ఊడిందనుకుందాం. నూట నలభై స్పీడులో."

"నూట నలభైలో ఊడాల్సిన చక్రం నలభైలోనే ఊగుతుందండీ. చెప్పకుండా పోదు."

"చెప్పకుండానే పోయిందనుకుందాం."

కోటేశ్వరరావు కాసేపు ఆలోచించాడు. అడిగినవాడిని చిన్నబుచ్చడం ఆయనకి ఇష్టం ఉండదు.

"అప్పుడు పడిపోతారండీ," అన్నాడు.

ఉదయ్ కిరణ్‌కి ఈ సమాధానం నచ్చలేదు గానీ, రెండు వారాలుగా తను అడుగుతున్న మనుషుల్లో ఉన్నమాట చెప్పింది ఈయనొక్కడే అనిపించింది. మిగతావాళ్ళంతా "ఏం కాదులే" అన్నారు. ఏం కాదులే అన్నది జవాబు కాదు, అడగడం ఆపమని చెప్పడం.

ఉదయ్ నూజివీడులో, వేసవిలోనూ క్లాసులు నడిపే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. అతనికి పదకొండు నెలల కూతురు ఉంది, పేరు సింధూర. ఆ పాప పుట్టినప్పటి నుంచి అతనికి లోకంలో ఊడిపోయే వస్తువులే కనబడుతున్నాయి. ఫ్యాను ఊడొచ్చు. కిటికీ రెక్క ఊడొచ్చు. ఉయ్యాల కొక్కెం సరేసరి. కొక్కేన్ని నాలుగుసార్లు లాగి చూసి పాపని ఉయ్యాల్లో వేస్తాడు, అది నిద్రపోయాక ఎత్తుకుని, మళ్ళీ కొక్కెం లాగి చూస్తాడు. పాప లేచి ఏడుస్తుంది. కొక్కెం మాత్రం ఇంతవరకూ ఏమీ అనలేదు.

అయితే ఇప్పుడు అడుగుతున్న చక్రం పాపది కాదు. పాప వాళ్ళమ్మది.

వాళ్ళమ్మ పేరు యోగిత. ఊళ్ళోని ట్రిపుల్ ఐటీలో మెకానికల్ చదివి, హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పంపుల డ్రాయింగులు గీసి పెడుతుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కొంత కొంత పక్కన పెట్టి, పాపకి తొమ్మిదో నెల రాగానే విజయవాడ వెళ్ళి ఒక కుర్ర డాక్టరు దగ్గర మూడొందల సీసీ నీలిరంగు స్పోర్ట్స్ బండి కొనుక్కొచ్చింది. ఆ డాక్టరు దాన్ని మోజుపడి కొని, రెండుసార్లు తోలి, భయమేసి దుప్పటి కప్పాడు. యోగిత దుప్పటితో సహా తెచ్చుకుంది.

చెన్నై అవతల రేసులు జరిగే ట్రాక్ ఒకటి ఉంది. డబ్బు కట్టి, బండి వాళ్ళు చెప్పినట్టు తయారుచేసి తీసుకెళ్తే, ఒక రోజంతా అందులో తిరగనిస్తారు. పోటీ కాదు, బహుమతులు లేవు. ట్రాక్ డే అంటారు. జూన్ మొదటి ఆదివారానికి యోగిత పేరు రాయించుకుంది.

"నూట నలభై అంటే ఎంతో తెలుసా?" అని ఉదయ్ ఒక కాగితం చూపించాడు. "డెబ్బై ఏడు మీటర్ల ఎత్తు నుంచి కిందపడితే నేల తగిలేటప్పటికి అంత వేగం వస్తుంది. అంటే పాతికంతస్తుల మేడ. నూజివీడులో అంత ఎత్తుది ఏదీ లేదు."

"అందుకే ట్రాక్‌ని అడ్డంగా వేశారు, నిలువుగా వెయ్యలేదు," అంది యోగిత.

"ఎందుకసలు?"

యోగిత నెమ్మదిగానే చెప్పింది. "పదహారేళ్ళప్పటి నుంచి ఈ రోడ్ల మీద బండి తోలుతున్నాను. ప్రతి మలుపులోనూ ఎదురుగా బస్సు వస్తుందేమో, గేదె వస్తుందేమో, ట్రాక్టరు వస్తుందేమో అని బ్రేకు మీద వేళ్ళు పెట్టుకునే తిరిగాను. ఎదురుగా ఎవరూ రారని తెలిసి ఒక్క మలుపు తిరగాలి, ఉదయ్. ఒక్కసారి చాలు."

ఉదయ్ కాగితం మడిచేశాడు. మర్నాడు కాలేజీ అయ్యాక, ఆవిడ బండి ఇచ్చిన మెకానిక్ దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు.

కోటేశ్వరరావు షెడ్డు హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు మీద, మామిడికాయల కమీషన్ కొట్లు దాటాక ఉంటుంది. రేకుల కప్పు, నాపరాళ్ళ నేల. గోడ మీద తాటికాయంత అక్షరాలతో "బిగించునప్పుడు పిలువరాదు" అని రాసి ఉంటుంది. దాని కింద ఫోన్ నంబరు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. ఊళ్ళో ఆయన్ని పలకని కోటేశ్వరరావు అంటారు. ఎందుకంటే టైలరు కోటేశ్వరరావు, పాల కోటేశ్వరరావు, ఇంకా ఇద్దరు ఉత్త కోటేశ్వరరావులు కూడా ఉన్నారు.

ఉదయ్ వెళ్ళేసరికి ఆయన ఒక మోపెడ్ ఇంజన్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, భుజం మీద తువ్వాలుతో. ఉదయ్ నాలుగుసార్లు పిలిచాడు. పిలిచినప్పుడల్లా ఆ మనిషి వీపు ఇంకాస్త గట్టిపడినట్టు కనిపించింది గానీ మొహం తిరగలేదు. పది నిమిషాల తర్వాత ఆయన చొక్కా జేబులోంచి ఎర్ర గోళ్ళరంగు సీసా తీశాడు. బిగించిన నాలుగు బోల్టుల తలల మీదా ఒక్కో చుక్క పెట్టాడు. మూత బిగించి, సీసా జేబులో వేసుకుని అప్పుడు లేచాడు.

"చెప్పండి సార్," అన్నాడు, ఉదయ్ అప్పుడే వచ్చినట్టు.

ఊడే చక్రం గురించి మాట్లాడుకున్నది అప్పుడే. అది అయిపోయాక ఉదయ్ అసలు సంగతికి వచ్చాడు.

"ఒక సాయం చెయ్యాలండీ. ఈ బండి ట్రాక్‌కి పనికిరాదని మా ఆవిడతో చెప్పగలరా?"

"ఎందుకు పనికిరాదండీ?"

"అదే, మీరే ఏదో ఒకటి చెప్పాలి. ఇంజన్‌లో ఏదైనా."

"ఇంజన్ బాగుందండీ. ఆ డాక్టరు గారు దీన్ని తోల్లేదు, తుడిచారంతే."

"పోనీ ఫ్రేములో."

"అదీ బాగుందండీ." కోటేశ్వరరావు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "బాగున్నదాన్ని బాగాలేదన్నాననుకోండి. రేపు నేను బాగుందన్నది మీరు నమ్ముతారా?"

ఉదయ్ ఆ మాటలో లోపం కోసం వెతికాడు. దొరకలేదు.

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"రోజూ కాలేజీ అయ్యాక రండి. ఏం చేస్తున్నానో పక్కనుండి చూడండి. భయపడే మనిషి ఒకడు పక్కన ఉంటే పని బాగా అవుతుందండీ. మాట మాత్రం మాట్లాడకండి."

అలా ఉదయ్ తొమ్మిది రోజులు ఆ షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

ట్రాక్‌కి బండిని తయారుచెయ్యడమంటే ముందు దాని ఒంటి మీదవన్నీ తీసెయ్యడం. అద్దాలు తీశారు, ఇండికేటర్లు తీశారు, నంబరు ప్లేటు తీశారు, వెనక చక్రం పక్కనుండే చీర గార్డు తీశారు. హెడ్‌లైటు పగిలినా ముక్కలు ట్రాక్ మీద రాలకుండా దానికి ఇంటూ ఆకారంలో టేపు అంటించారు. రేడియేటర్‌లో ఇంజన్‌ని చల్లబరిచే పచ్చటి కూలెంట్ ఉంటే, దాన్ని పారబోసి కడిగారు. అది కారితే ట్రాక్ జారుతుందట, మామూలు నీళ్ళే పొయ్యాలట.

"మనం పడితే మనం పడ్డట్టండీ," అన్నాడు కోటేశ్వరరావు, పని లేనప్పుడు. "వెనకొచ్చేవాణ్ణి పడెయ్యకూడదు కదా."

ఉదయ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ తెచ్చాడు. ఏ ప్రయోగానికని కెమిస్ట్రీ చెప్పే కల్యాణి గారు అడిగితే, "ఫలితం ఇంకా తెలీదండీ," అన్నాడు.

ఇంజన్ ఆయిలు దించే బోల్టు తలకి సన్నటి రంధ్రం చేసి, తీగ దూర్చి, మెలిపెట్టి పక్కనున్న బొడిపెకి కట్టాలి. ఆ రంధ్రం వెయ్యడానికి మూడు డ్రిల్లు బిట్లు విరిగాయి. తీగ ఏ వైపుకి లాగుతోందో చూసి ఉదయ్‌కి మొదటిసారి ఆ షెడ్డులో కాస్త ఊపిరాడింది. బోల్టు వదులవ్వాలని చూస్తే తీగ దాన్ని బిగించే వైపుకే లాగుతుంది. తను కూడా యోగిత విషయంలో ఇలాంటి తీగ ఏదైనా కట్టగలిగితే బాగుండుననుకున్నాడు, ఆవిడకి బోల్టు తల లేదు గనక ఆ ఆలోచన అక్కడే ఆపేశాడు.

నాలుగో రోజు అతను ఆన్‌లైన్‌లో తెప్పించిన టార్క్ రెంచి పట్టుకొచ్చాడు. ఎంత బలంతో బిగించాలో దాని మీద పెట్టుకుంటే, అంత అందగానే టిక్కుమంటుంది. పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని దాన్ని సంచిలోంచి బయటికి తియ్యడానికి అరగంట పట్టింది. కోటేశ్వరరావు నొచ్చుకోలేదు. తను బిగించిన ముందు బ్రేకు బోల్టులు రెండూ వదులు చేసి, రెంచితో మళ్ళీ బిగించి చూశాడు. తను తిప్పినంత దూరం రాకుండానే అది టిక్కుమంది.

"నా చెయ్యి ఎక్కువ బిగిస్తోందండీ," అన్నాడు, ఎవరిదో చెయ్యి గురించి చెబుతున్నట్టు. "వయసుతోపాటు భయం కూడా చేతిలోకి దిగుద్ది కాబోలు." తర్వాత అప్పటిదాకా బిగించినవన్నీ విప్పి, రెంచితో మొదటి నుంచి బిగించాడు. పాత చుక్కలు గీకేసి కొత్త చుక్కలు పెట్టాడు.

ఆ చుక్కల సంగతి తెలిసింది ఆరో రోజున.

కోటేశ్వరరావు నాన్న మామిడి తోటల్లో కాపలా మనిషి. పూత నిలిచిన దగ్గర్నుంచి కోత అయ్యేదాకా తోటలోనే పాకేసుకుని ఉండేవాడు. కోత రోజున పదిహేను మంది కాయ కోసే చిక్కాలు పట్టుకుని తోటలో పడతారు. ఈ చెట్టు వాడు కోశాడని వీడు, వీడు కోశాడని వాడు వదిలేస్తే కాయ చెట్టు మీదే పండి రాలిపోతుంది. అందుకని ఆయనో పద్ధతి పెట్టాడు. చెట్టు దులిపి చూసి, కాయ లేదని తేలాక మొదలుకి సున్నం బొట్టు పెట్టాలి. కోసినవాడే పెట్టాలి. ఒకడు కోస్తే ఇంకొకడు పెట్టకూడదు. చదువు రాని పదిహేను మందికి అదే రసీదు.

కోటేశ్వరరావు తోటల్లో మందు కొట్టే ఇంజన్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నాడు, అక్కణ్ణుంచి మోపెడ్లకి వచ్చాడు, మోపెడ్ల నుంచి మోటారు సైకిళ్ళకి. కానీ మొదట్లో బొట్టు గిట్టు ఏమీ లేదు. అందరిలాగే బిగించేవాడు, అందరిలాగే పలికేవాడు.

మిగతాది చెప్పింది ఆయన తమ్ముడు ప్రసాద్. అదే షెడ్డులో ఓ మూల పంక్చర్లు వేస్తాడు, టైర్లు మారుస్తాడు. అన్నగారు పలకని మాటలన్నీ కలిపి తనే మాట్లాడతాడు. ఎడమకాలు ఈడుస్తూ వచ్చి ఉదయ్ పక్కన కూర్చున్నాడు.

"ఈ కాలు చూశారా సార్? మా అన్నయ్య టీ తాగిన గుర్తు."

కోటేశ్వరరావు అవతల చైను చూసుకుంటున్నాడు. తల తిప్పలేదు.

"ఇరవై రెండేళ్ళయింది. నా మోపెడ్‌కి వెనక చక్రం తీసి పెడుతున్నాడు. ఇరుసు నట్టు చేత్తో తిప్పి పెట్టాడు, స్పానర్ తీసుకోబోయాడు. ఎవడో ‘కోటేశ్వరరావూ, టీ’ అన్నాడు. వెళ్ళి తాగొచ్చాడు. వచ్చి చూస్తే నట్టు ఉంది కదా. ‘అయిందిరా, తీస్కెళ్ళు’ అన్నాడు. ఆగిరిపల్లి దాకా బ్రహ్మాండంగా వెళ్ళాను సార్. దాటలేదు."

"అప్పుడేమన్నారు ఆయన?"

"ఏమంటాడు. టీ మానేశాడు. నేను మాత్రం తాగుతాను, నాదేం తప్పు?"

చైను దగ్గర్నుంచి కోటేశ్వరరావు, "ప్రసాదూ," అన్నాడు.

"ఆ."

"సార్‌కి పని చూడనియ్యి."

అదొక్కటే ఆయన ఆ విషయం గురించి అన్న మాట. ఆ సంవత్సరమే గోడ మీద అక్షరాలు రాయించాడు. ఆ సంవత్సరం నుంచే ఫ్యాన్సీ షాపులో నెలకొక ఎర్ర గోళ్ళరంగు సీసా కొంటున్నాడు. షాపమ్మాయి కొత్త రంగులు చూపించబోతే "ఎర్రదే చాలమ్మా" అంటాడు. ఎవరికని ఆ పిల్ల ఇంతవరకూ అడగలేదు.

బండి మీద చూడాల్సినవి మొత్తం నలభై మూడు బోల్టులని తేలింది. ఉదయ్ వాటికి నంబర్లు వేసి జాబితా రాసుకున్నాడు. తొమ్మిదో రోజుకి ముప్పై తొమ్మిదింటికి బొట్టు పడింది. మిగిలిన నాలుగూ ముందు చక్రం ఇరుసుని పట్టి ఉంచేవి. ముందు టైరు కొత్తది రావాలి, అది కొరియర్‌లో ఎక్కడో ఆగింది.

బండిని చెన్నై చేర్చే పని అత్తగారిది.

అత్తగారంటే ఉదయ్ వాళ్ళమ్మ నాగేంద్రమ్మ. తోట పని ఆవిడదీ, వాళ్ళాయన లక్ష్మీనరసింహారావుదీ. ఆయన చెట్ల దగ్గరుంటాడు, ఈవిడ మనుషుల దగ్గరుంటుంది. కోడలు రేసు బండి కొన్నదంటే ఆవిడ గొడవ చేస్తుందనీ, ఆ గొడవ తను చెయ్యక్కర్లేదనీ ఉదయ్ ఆశపడ్డాడు. ఆవిడ బండి చుట్టూ ఓసారి తిరిగి, "నేనూ మా నాన్న మోటారు సైకిల్ నేర్పమంటే, ముందు గేదెను తోలు అన్నాడు. తోలుతూనే ఉన్నాను," అంది. "శుక్రవారం మన తోట రసాలు వ్యానులో చెన్నై వెళ్తున్నాయి. బండి కూడా అందులోనే పడేద్దాం. గడ్డి పెట్టి కడితే కాయకే దెబ్బ తగలదు, ఇనుముకేం తగులుద్ది?"

గురువారం బండిని ముందు చక్రం లేకుండానే ట్రాలీ ఆటోలో తోటలో ఉన్న ఇంటికి చేర్చారు. శుక్రవారం పొద్దున టైరు వచ్చింది. ప్రసాద్ దాన్ని చక్రానికి ఎక్కించి ఇచ్చాడు. కోటేశ్వరరావు ఆ చక్రాన్ని మోపెడ్ మీద పెట్టుకుని తోటకి వెళ్ళి, ఇరుసు దూర్చి, నాలుగు బోల్టులూ చేత్తో తిప్పి పెట్టాడు. ముందు భాగాన్ని నాలుగుసార్లు నేలకి నొక్కి వదిలితే చక్రాన్ని పట్టుకునే గొట్టాలు సర్దుకుని తమ చోట కూర్చుంటాయి, అప్పుడే బిగించాలి. నొక్కాడు. కూర్చున్నాయి. బిగిద్దామని చూస్తే, రెంచికి తొడిగే బిట్టు షెడ్డులో మర్చిపోయాడు.

"ఇప్పుడే వస్తానమ్మగారూ," అని నాగేంద్రమ్మతో చెప్పి మోపెడ్ ఎక్కాడు. ఇంకేమీ చెప్పలేదు. బొట్టు లేని బోల్టు బిగించనట్టే కదా. చెప్పాల్సింది అదే చెబుతుందని ఆయన ధీమా.

ఆయన అటు వెళ్ళాడో లేదో వ్యాను ఇటు వచ్చింది. ఎండెక్కకముందే కాయతో కదలాలని డ్రైవర్ అభిరామ్ తొందర. నాగేంద్రమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు తెచ్చి బండికి పూజ చేసింది. పసుపు రాసింది. కుంకుమ నూనెతో తడిపి ఉంగరం వేలితో బొట్లు పెట్టడం మొదలుపెట్టింది. చూస్తే బోల్టుల మీద అప్పటికే ఎవరో చిన్న చిన్న బొట్లు పెట్టి ఉన్నారు, పిసినారి బొట్లు. వాటి మీదే నిండుగా పెద్దవి పెట్టింది. కొన్ని బోల్టులకి అసలు లేవు. పాపం మర్చిపోయారు కాబోలనుకుని వాటికీ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, యోగిత చేత బండిని వాటి మీదుగా తోయించింది.

యోగిత స్నానానికి, రైలు బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడొచ్చాడు ఉదయ్, కాలేజీకి ఒక పూట సెలవు పెట్టి, చేతిలో జాబితాతో.

జాబితా తీసి ఒకటి నుంచి నలభై మూడు దాకా చూశాడు. నలభై రెండు ఉందా, ఉంది. నలభై మూడు, ఉంది. అన్నింటికీ ఎర్రగా బొట్టు. ఇంకోసారి చూశాడు. అన్నీ ఉన్నాయి. మిగిలిన నాలుగూ కోటేశ్వరరావు పొద్దునే బిగించి వెళ్ళి ఉంటాడనుకున్నాడు. "ఎక్కించెయ్యండి," అన్నాడు.

నలుగురు కలిసి బండిని క్రేట్ల మధ్య నిలబెట్టి, చుట్టూ వరిగడ్డి కూరి, తాళ్ళు వేస్తుండగా మోపెడ్ చప్పుడైంది. కోటేశ్వరరావు దిగి వ్యాను దగ్గరికొచ్చాడు. గడ్డి పక్కకి తీసి ముందు చక్రం వంక చూశాడు.

"ఇవెవరు పెట్టారండీ?"

"నేనే పెట్టాను," అంది నాగేంద్రమ్మ. "నువ్వు పెట్టినవి కనపడటమే లేదు. కొన్నింటికి మర్చిపోయావు కూడా."

కోటేశ్వరరావు వ్యాను మీదికి వంగాడు. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి కింది బోల్టుని తిప్పాడు. అది, మందు సీసా మూత తిరిగినంత సులువుగా, అర చుట్టు తిరిగింది.

ఉదయ్ దగ్గర్లో ఉన్నదాని మీద కూర్చుండిపోయాడు. అది రసాల క్రేటు. రసాల క్రేటు మీద కూర్చోకూడదని నూజివీడులో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా కాసేపటిదాకా అతన్ని లెమ్మని ఎవరూ అనలేదు.

"నేను జాబితా చూశాను," అన్నాడు. "రెండుసార్లు చూశాను."

"బండి దింపాలండీ," అన్నాడు కోటేశ్వరరావు.

"ఆ నాలుగూ బిగిస్తే చాలు కదా?"

"ఏ నాలుగని ఇప్పుడు చెప్పగలం సార్? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

"జాబితా ఉంది. లేదా కుంకుమ గీకి చూద్దాం. కింద గోళ్ళరంగు ఉంటే మీరు బిగించినట్టే."

"మీ జాబితా ఇందాక కూడా ఉందండీ. గీకితే తెలుస్తుంది, నిజమే. కానీ నాకిక ఏ బొట్టు మీదా నమ్మకం లేదు. మొదటి నుంచి చూడాలి."

అభిరామ్ వాచీ చూసుకున్నాడు. "ఎంత పడుద్దండీ?"

"నలభై మూడు."

"నిమిషాలా?"

"బోల్టులు."

బండి దిగింది. కోటేశ్వరరావు తువ్వాలు తీసి కుంకుమ తుడవబోయాడు. నాగేంద్రమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆడపిల్ల ఎక్కే బండి. పెట్టిన బొట్టు తుడుస్తావా?"

"తుడవకపోతే నేను ఎక్కడ పెట్టాలమ్మగారూ?"

ఆవిడ వాళ్ళ మొహాలూ, కొడుకు కూర్చున్న క్రేటూ చూసింది. తను చేసింది ఏమిటో అప్పటికి ఆవిడకి పూర్తిగా అర్థమైంది. తప్పయిందని మాత్రం అనలేదు. ఆకు వక్క వేసుకునే మనిషి, బొడ్డులో ఉన్న సున్నం డబ్బీ తీసి ఇచ్చింది. "పక్కన తెల్లది పెట్టు. తోటలో మీ నాన్న పెట్టేవాడుగా."

కోటేశ్వరరావు డబ్బీ తీసుకున్నాడు. మూత తియ్యబోయి ఆగాడు. తన వేళ్ళ వంక చూసుకున్నాడు, టార్క్ రెంచి చూసి తన చెయ్యి ఎక్కువ బిగిస్తోందన్నప్పుడు చూసినట్టే.

"భయం దిగిన ఈ చేతులతో ఇప్పుడు బిగించకూడదండీ," అన్నాడు. "మీరు పట్టుకోండి సార్. నేను పక్కనుంటాను. టిక్కుమన్నాక బొట్టు కూడా మీరే పెట్టాలి. బిగించిన చేత్తోనే బొట్టు."

ఉదయ్ మొదలుపెట్టాడు. ఒకటి. టిక్కు. బొట్టు. రెండు. టిక్కు. బొట్టు. ముప్పై ఒకటో బోల్టు మీద ఉండగా ఇంట్లో సింధూర ఏడ్చింది. అతని తల అటు తిరిగింది. రెప్పపాటు కాలం.

"మొదటి నుంచండీ," అన్నాడు కోటేశ్వరరావు.

"ముప్పై అయ్యాయి కదా, బొట్లున్నాయి."

"ముప్పై ఒకటి బిగించారా?"

ఉదయ్ ఆలోచించాడు. నిజంగానే గుర్తులేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక టీ ఎలా పనిచేసి ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది.

నాగేంద్రమ్మ మనవరాలిని చంకనేసుకుని తోట అవతలి గట్టుకి నడిచింది. యోగిత బట్టల సంచితో బయటికొచ్చి, సంగతి విని, మెట్టు మీద కూర్చుంది. అభిరామ్ వ్యాను కింద తుండు పరుచుకుని పడుకున్నాడు. ఉదయ్ జేబులో ఫోను రెండుసార్లు మోగింది, అతను పలకలేదు. ఒకటి నుంచి నలభై మూడు. తెల్లచుక్కల పక్కన మళ్ళీ తెల్లచుక్కలు. ఆఖరి బోల్టు టిక్కుమన్నాక, బొట్టు పెట్టి లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి.

వ్యాను కదిలేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. యోగిత సాయంత్రం విజయవాడలో రైలెక్కింది.

ఆదివారం ఉదయ్ ఇంట్లో ఉండలేకపోయాడు. పాపని ఎత్తుకుని షెడ్డుకి వెళ్ళాడు. ప్రసాద్ పాపని తీసుకుని పాత ట్యూబ్ మీద కూర్చోబెట్టాడు. కోటేశ్వరరావు ఏదో బిగిస్తున్నాడు. ఉదయ్ పిలవలేదు, బొట్టు పడేదాకా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"ఫోన్ చేసి ముందు చక్రం ఒకసారి చూసుకోమని చెప్పనా అండీ?" అన్నాడు తర్వాత.

"ఎవరు బిగించారండీ?"

"నేను."

"బొట్టెవరు పెట్టారు?"

"నేనే."

కోటేశ్వరరావు ఇంకేదో చెప్పాడు. ఉదయ్ ఫోను జేబులో పెట్టేశాడు. అది తియ్యకుండా ఉండటానికి ఆ మధ్యాహ్నం అతను రెండు ట్యూబులకి పంక్చర్ వెయ్యడం నేర్చుకున్నాడు.

ఐదు దాటాక ఫోను అదే మోగింది. అటువైపు యోగిత. పొద్దున బండ్లు తనిఖీ చేసే ఆయన బండి మీద ఎర్రవీ తెల్లవీ చూసి ఇదేంటని అడిగాడట. ఎర్రవి మా అత్తగారివి, తెల్లవి మా ఆయనవి అని చెప్పిందట. ఆయన ఒక్కొక్క బోల్టూ పట్టి చూసి, పాస్ స్టిక్కర్ అంటించాడట. టైములు చూస్తే ఇరవై రెండు మందిలో తను పంతొమ్మిదోది. పడలేదు.

"ఆ మలుపు?" అన్నాడు ఉదయ్.

"మూడోసారి తిరిగేటప్పుడు బ్రేకు మీద వేళ్ళు లేవు," అంది. "ఎదురుగా ఎవరూ రాలేదు." ఆ తర్వాత, "అక్టోబర్లో మళ్ళీ ఉందట," అంది.

ఇప్పుడు ఉదయ్ వాళ్ళింట్లో ఉయ్యాల కొక్కేనికి ఒక తెల్లచుక్క ఉంది. గ్యాసు రెగ్యులేటరుకి ఒకటుంది, కిటికీ బందులకి ఒక్కొక్కటి ఉన్నాయి. వాటిని నెలకోసారి, మొదటి ఆదివారం, ఒకటి నుంచి చివరిదాకా చూస్తాడు. చూస్తున్నప్పుడు అత్తగారూ కోడలూ ఎవరు పిలిచినా పలకడు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ పాప ఉయ్యాల్లో లేవకుండా నిద్రపోతుంది. అతనికి భయం తగ్గలేదు, కానీ దానికిప్పుడు ఒక రోజు, ఒక వరస ఉన్నాయి. ఆ ట్రాక్ డే ఆదివారం షెడ్డులో కోటేశ్వరరావు చెప్పింది ఇదే:

"చూసేటప్పుడు దాన్నొక్కదాన్నే చూడండి సార్. మధ్యలో పలికారా, మళ్ళీ మొదటి నుంచి. చూడటం అయ్యాక మీ చేత్తో మీరే బొట్టు పెట్టండి. పెట్టాక ఇక దాని వంక చూడకండి. మళ్ళీ చూసేటట్టయితే బొట్టెందుకండీ."